సెల్లార్ ఎత్తు తగ్గిందని గొడవా? ముందు టేపు తీయండి

కొత్త ఇంట్లో సెల్లార్ ఎత్తు తక్కువైందని యజమానికి తెలిసేది చాలాసార్లు గృహప్రవేశం దగ్గర పడ్డాకే. సెంట్రింగ్ కర్రలు ఉన్నంతకాలం లోపలంతా చీకటి, చెత్త. ఎత్తు ఎంతో కంటికి ఆనదు. కర్రలు తీసి, గ్రానైట్ పరిచి, డ్రైనేజీ గొట్టాలు బిగించాక ఎవరో చెయ్యి పైకెత్తుతారు, బీము తగులుతుంది. ఆ సాయంత్రమే ఫోన్లో మాటామాటా పెరుగుతుంది. "పది అడుగులని చెప్పి మోసం చేశావు" అని ఒకరు, "పది అడుగులే ఇచ్చాను, కొలుచుకోండి" అని ఇంకొకరు. ఇద్దరూ పది అడుగులనే అంటారు, ఇద్దరి కొలతా వేరు.

నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరై తిరుపతిలోనే ఉంటున్నాను. ఇలాంటి తగాదాల్లో యజమానులూ పిలుస్తారు, కాంట్రాక్టర్లూ పిలుస్తారు. ఎవరు పిలిచినా నేను మొదట అడిగేది ఒకటే: పది అడుగులంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? దీనికి కాగితం మీద జవాబు దొరికితే సగం గొడవ తీరినట్టే. జీవితకాలపు పొదుపు పోసి కట్టుకున్న ఇల్లు కాబట్టి కోపం రావడం సహజం. కానీ ఆ కోపంలో తీసుకునే కొన్ని నిర్ణయాలు ఇంటికే ముప్పు తెస్తాయి. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మన మేస్త్రీలు ఎత్తు చెప్పేటప్పుడు కింది నేల కాంక్రీటు నుంచి పై స్లాబు పైభాగం వరకు లెక్కేస్తారు. యజమాని మనసులో ఉండేది గ్రానైట్ నుంచి తల పైన ఉన్న సున్నం వరకు. ఈ రెండింటి మధ్య ఎంత తేడా వస్తుందో చూడండి. పది అడుగులంటే 120 అంగుళాలు. స్లాబు మందం 5 అంగుళాలు, ఫ్లోరింగ్ దాని కింద పరిచే కాంక్రీటు బెడ్డుతో కలిపి 4 అంగుళాలు, కింది ప్లాస్టరింగ్ అర అంగుళం. ఇవి పోతే స్లాబు కింద మిగిలేది 110 అంగుళాల పైచిలుకు, అంటే 9 అడుగుల 2న్నర అంగుళాలు. స్లాబుతో కలిపి 18 అంగుళాల లోతున్న బీము స్లాబు కిందికి 13 అంగుళాలు దిగుతుంది. బీము కింద మిగిలేది 8 అడుగుల ఒకటిన్నర అంగుళం. పది అడుగులని రాసుకున్న సెల్లార్లో బీము కింద ఎనిమిది అడుగులే ఉంటే అది మోసం కాకపోవచ్చు. ఏడడుగులు ఉంటే మాత్రం ఎక్కడో ఏదో జరిగింది.

అగ్రిమెంటుతో పాటు తీయాల్సిన రెండో కాగితం మంజూరైన ప్లాను. గదుల కొలతలున్న పేజీలో ఎత్తు కనిపించదు. భవనాన్ని నిలువునా కోసి చూపించే 'సెక్షన్' బొమ్మలో ఉంటుంది. చాలామంది యజమానులు ఆ బొమ్మను ఎప్పుడూ చూసి ఉండరు. మీ దగ్గర కాపీ లేకపోతే ఆన్‌లైన్‌లో అనుమతికి దరఖాస్తు పెట్టిన లైసెన్సు ఇంజనీరును అడగండి, ఆయన దగ్గర ఉంటుంది. ఊరి లోపల అయితే నగరపాలక సంస్థ, బయట తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి అయితే తుడా కార్యాలయంలోనూ తీసుకోవచ్చు. అగ్రిమెంటులో ఎత్తు రాయకపోయినా, 'మంజూరైన ప్లాను ప్రకారం' అనే మాట ఉంటే సెక్షన్ బొమ్మలోని అంకె కాంట్రాక్టరును కట్టేస్తుంది.

ఇక ప్రమాణం సంగతి. 2016 జాతీయ నిర్మాణ స్మృతి ప్రకారం సెల్లార్ ఎత్తు నేల నుంచి పైకప్పు అడుగు వరకు ఏ చోటా 2.4 మీటర్లకు తగ్గకూడదు. అంటే 7 అడుగుల 10న్నర అంగుళాలు. మనుషులు నివసించే గదికి 2.75 మీటర్లు, అంటే 9 అడుగులు ఉండాలి. మెట్ల మీద తలకు 2.2 మీటర్ల ఖాళీ ఉండాలి. సెల్లార్ పైకప్పు చుట్టుపక్కల నేల మట్టానికి 0.9 మీటర్ల కంటే తక్కువ ఎత్తులో గాని, 1.2 మీటర్ల కంటే ఎక్కువ ఎత్తులో గాని ఉండకూడదని కూడా ఆ స్మృతిలో ఉంది. కాబట్టి లోతు తవ్వకుండా ఇంటినే పైకి లేపి ఎత్తు సరిపెడతాననే కాంట్రాక్టరు మాట అన్నిచోట్లా చెల్లదు. మన రాష్ట్రంలో అనుమతులు 2017లో జీఓ 119 కింద వచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ఇస్తారు. వాటికి తర్వాత సవరణలూ జరిగాయి. మీ ప్లాను మంజూరైన నాటికి అమల్లో ఉన్నదే మీకు వర్తిస్తుంది.

కొలత

కొలవడానికి కాంట్రాక్టరును పిలిచి, ఆయన ముందే కొలవండి. రానంటే ఎప్పుడు కొలుస్తున్నారో మెసేజ్ పెట్టి, ఇద్దరు సాక్షులను, వీలైతే ఒక సివిల్ ఇంజనీరును పెట్టుకుని కొలవండి. లేజర్ మీటరు ఉంటే మంచిదే. లేకపోయినా ఉక్కు టేపు, మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ ట్యూబు చాలు. సెల్లార్ చుట్టూ గోడల మీద ఒకే మట్టంలో రంగు దారంతో గీత కొట్టించండి. ఆ గీత నుంచి పైకి ఎంత, కిందికి ఎంత అని విడివిడిగా రాసుకోవాలి. నేల నుంచి కప్పు దాకా ఒకేసారి కొలిస్తే ఎత్తు తగ్గిందని తెలుస్తుంది గాని, కప్పు దిగిందా, నేల లేచిందా అన్నది తెలియదు. గొడవంతా తేలేది అక్కడే.

నాలుగు మూలలు, మధ్య, ప్రతి బీము కింద, ప్రతి డ్రైనేజీ గొట్టం కింద, మెట్లు దిగేచోట, ర్యాంపు లోపలికి వచ్చి ఆగేచోట కొలవండి. ర్యాంపు దగ్గర అంకె ముఖ్యం. వాలు మీద కారు ముందు చక్రాలు సమతలం మీదికి వచ్చినప్పుడు వెనక భాగం ఇంకా పైనే ఉంటుంది. మామూలుగా దూరే బండి కూడా అక్కడ బీముకు గీసుకోవచ్చు. పెద్ద కారు డిక్కీ తలుపు పూర్తిగా పైకి లేపి చూడండి. ప్రతి కొలతకూ టేపు అంకె కనిపించేలా ఫోటో తీసి, ఒక తెల్లకాగితం మీద సెల్లార్ నక్షా గీసి, కొలతలన్నీ అందులో వేసి ఇద్దరూ సంతకం చేయండి. తర్వాత ఎన్ని ఆఫీసుల మెట్లెక్కినా ఈ ఒక్క కాగితమే పనికొస్తుంది.

కరకంబాడి రోడ్డు వైపు ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. ఇంటివారు రిటైరైన ఉపాధ్యాయ దంపతులు. సెల్లార్లో సగం కార్లకు, సగం పిల్లలకు ట్యూషన్ చెప్పుకోవడానికని కట్టించుకున్నారు. అగ్రిమెంటులో పది అడుగులు. నేను కొలిస్తే స్లాబు కింద 8 అడుగుల 3 అంగుళాలు, బీము కింద 7 అడుగుల 2 అంగుళాలు వచ్చింది. పైన వేసిన లెక్క ప్రకారం బీము కింద ఉండాల్సింది 8 అడుగుల ఒకటిన్నర అంగుళం. అంటే పదకొండున్నర అంగుళాలు కనిపించడం లేదు. గీత నుంచి పైకి కొలిస్తే స్లాబు ఉండాల్సిన చోటే ఉంది. తేడా కిందే.

"మాస్టారూ, వానొస్తే నీళ్ళు వస్తాయని మీ మంచికే నేల కాస్త లేపాను" అన్నాడు కాంట్రాక్టరు.

ఒక మూల, గోడకు అడుగు దూరంలో, గ్రానైట్ పలక తీయించి చేతి ఉలితో బెడ్డు తవ్వించాను. యంత్రం పెట్టనివ్వలేదు, ఎందుకంటే బెడ్డు కిందే వాటర్ ప్రూఫింగ్ పొర ఉంటుంది. నాలుగు అంగుళాలు ఉండాల్సిన ఫ్లోరింగ్ ఎనిమిదిన్నర అంగుళాలు ఉంది. నాలుగున్నర అంగుళాల లెక్క దొరికింది. మిగిలిన ఏడు అంగుళాలు తవ్వకంలోనే పోయాయి. కొండ పాదానికి దగ్గరగా ఉన్న స్థలాల్లో మట్టి కింద రాయి తగలడం మనకు కొత్త కాదు. ఇక్కడా మట్టి తీస్తుండగా ఒక పక్కన రాయి తగిలింది. రాతి తవ్వకానికి మట్టి తవ్వకం ధర గిట్టదు. అగ్రిమెంటులో రాయి ప్రస్తావన లేదు. ఆయన యజమానికి చెప్పకుండా అక్కడికే ఆపేసి, రాతి ఎగుడుదిగుళ్ళు కప్పడానికి బెడ్డు మందంగా వేశాడు.

రాయి తగలడం కాంట్రాక్టరు తప్పు కాదు. చెప్పకపోవడం తప్పు. ఆ రోజే చెప్పి ఉంటే అదనపు డబ్బు ఇచ్చి బ్రేకరుతో కొట్టించుకోవాలా, ఎత్తు తగ్గించుకోవాలా అని ఇంటివారు తేల్చుకునేవారు. ఆ అవకాశం వారికి లేకుండా చేయడమే ఈ తగాదాకు మూలమని ఇద్దరికీ విడమరిచి చెప్పాను.

నీళ్ళ మాట చాలామంది కాంట్రాక్టర్లు చెబుతారు కాబట్టి దాన్నీ చూద్దాం. తిరుపతిలో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో వీధులు వాగులై ఇళ్ళలోకి నీళ్ళు రావడం ఈ ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. భయం న్యాయమైనదే. కానీ సెల్లార్ నేలను నాలుగు అంగుళాలు లేపితే ఆ నీళ్ళు ఆగవు. ర్యాంపు మీదుగా వచ్చే నీటిని ఆపేది ర్యాంపు పైన రోడ్డు మట్టం కంటే ఎత్తుగా కట్టే దిమ్మ, దాని వెనక అడ్డంగా జాలీ కాలువ. గోడల్లోంచి ఊరే నీటిని ఆపేది వాటర్ ప్రూఫింగ్. అప్పటికీ చేరిన నీటిని తోడేది మూలన గుంట, అందులో మోటారు. నేల లేపడం ఈ మూడింటిలో ఏదీ కాదు.

ఇల్లు ఇంకా కడుతున్నవారికి ఇక్కడ ఒక మాట. సెల్లార్ తవ్వకం పూర్తయిన రోజు, పీసీసీ (అడుగున వేసే ఇనుము లేని కాంక్రీటు) వేయకముందు ఒకసారి, పైస్లాబు సెంట్రింగ్ పలకలు పరిచాక, ఇనుము కట్టకముందు ఇంకొకసారి కొలవండి. ఈ రెండు సార్లూ తప్పు దొరికితే దిద్దడానికి అయ్యేది కొద్దిపాటి కూలి ఖర్చే. కాంక్రీటు పోశాక అదే తప్పు లక్షల మీదికి వెళుతుంది. అగ్రిమెంటులో "ఫ్లోరింగ్ పూర్తయ్యాక నేల పైభాగం నుంచి బీము అడుగు వరకు ఇన్ని అడుగులు; గొట్టాలు బీము అడుగుకు కిందికి రాకూడదు; రాయి తగిలితే పని ఆపి రాతపూర్వకంగా తెలపాలి, రాతి తవ్వకానికి ఘనపు అడుగుకు ఇంత" అని రాయించండి.

దిద్దుబాటు

ముందు చేయకూడనివి. బీము అడుగున రెండంగుళాలు చెక్కిస్తానని ఎవరైనా అంటే ఆ మనిషిని మళ్ళీ ఇంట్లోకి రానివ్వకండి. బీము బలం దాని లోతులో ఉంటుంది. అడుగునే అసలు కడ్డీలు ఉంటాయి, వాటిని కప్పే కాంక్రీటు అంగుళం, అంగుళంన్నర మాత్రమే. చెక్కితే మొదట బయటపడేది ఇల్లు మోసే ఇనుమే.

రెండోది, ఇంజనీరు లెక్క లేకుండా నేల కిందికి తవ్వడం. పిల్లర్ల ఫుటింగ్ (పునాది పాదం) అడుగు మట్టం దాటి పక్కన తవ్వితే ఫుటింగ్ కింది మట్టి జారుతుంది. చాలామందికి తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది. సెల్లార్ చుట్టూ ఉన్న రిటైనింగ్ గోడను బయటి మట్టి ఎప్పుడూ లోపలికి నెడుతుంటుంది. లోపలి వైపు దాని పాదాన్ని పట్టి ఉంచేవాటిలో సెల్లార్ నేల, దాని కింది మట్టి కూడా ఉంటాయి. ఆ నేలను గోడ పొడవునా ఒకేసారి తీసేస్తే, అదీ వానల్లో, గోడ పాదం లోపలికి జరగవచ్చు. తవ్వక తప్పకపోతే స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగు ఇచ్చాక, వేసవిలో, చిన్న చిన్న భాగాలుగా, ఒకటి కాంక్రీటు వేసి గట్టిపడ్డాకే పక్కది తెరవాలి.

చేయదగినవాటిలో అన్నిటికంటే చవక గొట్టాలు మార్చడం. పై అంతస్తు బాత్రూముల నాలుగంగుళాల గొట్టాలు సెల్లార్ మధ్యలోంచి బీముల కింద వేలాడితే ఐదారు అంగుళాలు అక్కడే పోతాయి. వాటిని గోడ పక్కకు తిప్పించండి. వాలు తగ్గకుండా, మలుపుల దగ్గర శుభ్రం చేసే మూతలు ఉండేలా చూసుకోండి. ఫాల్స్ సీలింగ్ ఉంటే తీసేయండి. సెల్లార్‌కు అది అక్కరలేదు.

తర్వాతది ఫ్లోరింగ్ పలచన చేయడం. మాస్టారి ఇంట్లో మేము చేయించింది ఇదే. అదనంగా ఉన్న నాలుగున్నర అంగుళాల బెడ్డు తీయించి, గ్రానైట్ బదులు రెండున్నర అంగుళాల కాంక్రీటు పోసి పాలిష్ పెట్టిస్తే ఇంకో అంగుళంన్నర కలిసొచ్చింది. మొత్తం ఆరు అంగుళాలు. బీము కింద 7 అడుగుల 8 అంగుళాలు అయింది. 2.4 మీటర్లకు ఇంకా రెండున్నర అంగుళాలు తక్కువే. ఆ లోటుకు, పోగొట్టుకున్న గ్రానైట్‌కు కాంట్రాక్టరు డబ్బు తగ్గించుకోవాలని తేల్చాం. రాయి కొట్టి దించడం సాధ్యమే, కానీ ఫుటింగుల పక్కన అంత అదురు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ మాటే చెప్పాను, ఇంటివారు ఒప్పుకున్నారు. ట్యూషన్ గదిని మొదటి అంతస్తు వరండాకు మార్చుకున్నారు. తొమ్మిది అడుగులు లేని చోట పిల్లలను గంటల తరబడి కూర్చోబెట్టడం సరి కాదని అమ్మగారే ముందు అన్నారు.

నేల దించితే దాంతో పాటు దిగేవి కొన్ని ఉంటాయి. అవి ముందే లెక్కలో వేసుకోవాలి. మెట్లలో కింది మెట్టు ఆరు అంగుళాలు ఉన్నది పన్నెండు అవుతుంది. అలాగే వదిలేస్తే పెద్దవాళ్ళు పడతారు. ఇక్కడ దిగింది సరిగ్గా ఆరు అంగుళాలు కాబట్టి ఒక మెట్టు కలిపితే సరిపోయింది. మీ ఇంట్లో మూడంగుళాలే దిగితే ఒక్క మెట్టు కలపడం కుదరదు, మెట్లన్నీ సరిచేయాల్సి వస్తుంది. ర్యాంపు ఎనిమిదికి ఒకటి వాలులో ఉంటే ఆరు అంగుళాలకు నాలుగు అడుగులు పొడిగించాలి, లోపల ఆ చోటు ఉందా చూసుకోండి. తలుపుల కింద సందులు, నీళ్ళ గుంట లోతు, నేల వాలు కూడా మళ్ళీ చూడాలి.

రాతలో పెట్టడం

కొలతలు తేలాక కాంట్రాక్టరుకు ఉత్తరం రాయండి. తిట్లు వద్దు, అంకెలు చాలు. ఇలా రాయవచ్చు: "మన మధ్య ఫలానా తేదీన కుదిరిన అగ్రిమెంటు, మంజూరైన ప్లాను ప్రకారం సెల్లార్లో బీము కింద ఇంత ఎత్తు రావాలి. ఫలానా తేదీన మీ సమక్షంలో కొలవగా ఇంత వచ్చింది. కొలతల నకలు, ఫోటోలు జతచేశాను. దీన్ని ఎలా సరిచేస్తారో ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. స్ట్రక్చరల్ ఇంజనీరు అభిప్రాయం లేకుండా బీములు, పునాది, గోడల జోలికి వెళ్ళవద్దు." అందినట్టు రుజువు ఉండేలా పోస్టులో పంపి, అదే ఫోన్లోనూ పంపండి.

చివరి బిల్లు మొత్తం ఆపేయకండి. లోటుకు తగినంతే ఆపి, ఎందుకు ఆపారో రాయండి. కూలీల డబ్బుతో సహా అంతా ఆపితే ముందు మాట తప్పింది మీరేనని ఆయన చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఎంత ఆపాలన్నది తేలిక లెక్క కాదు. వెయ్యి చదరపు అడుగుల సెల్లార్లో ఏడు అంగుళాలు తవ్వకపోతే మిగిలిపోయిన మట్టి 583 ఘనపు అడుగులు. ఆ తవ్వకం కూలి మాత్రమే ఇస్తానంటాడు కాంట్రాక్టరు. మీ నష్టం మట్టిలో లేదు, వాడుకలో ఉంది. దిద్దుబాటుకు అయ్యే ఖర్చు, దిద్దినా మిగిలే లోటు రెండూ కలపాలి. ఈ అంచనా స్వతంత్ర ఇంజనీరు చేత రాయించండి. ఎస్‌వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ విభాగంలోనూ అడిగి చూడవచ్చు.

మాటల్లో తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ఇళ్ళ నిర్మాణం సేవ కిందికే వస్తుందని 1993లోనే సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు పెట్టవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, ఆపైన రెండు కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. జిల్లా స్థాయిలో ఐదు లక్షల దాకా రుసుము లేదు, 20 నుంచి 50 లక్షలకు వెయ్యి రూపాయలు. గడువు రెండేళ్ళు. రేపు మాపు అని కాంట్రాక్టరు నానుస్తుంటే ఈ గడువు మీద కన్ను ఉంచండి. ఏమీ తోచకపోతే 1915కు ఫోన్ చేయండి. ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది.

తిరుపతిలో చాలామంది ఇంట్లో కొన్ని గదులు యాత్రికులకు అద్దెకిస్తారు. భవనం అసలు లాడ్జి వ్యాపారానికే కట్టిందైతే 'వాణిజ్య ప్రయోజనం' అనే అభ్యంతరం వస్తుంది. అప్పుడు సివిల్ కోర్టే దారి కావచ్చు, అక్కడ ఒప్పంద భంగానికి గడువు మూడేళ్ళు. ఫ్లాటు కొన్నవారి దారి వేరు. రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదైన ప్రాజెక్టు అయితే మంజూరైన ప్లాను మార్చడానికి కొనుగోలుదారుల సమ్మతి కావాలి. నిర్మాణ లోపం స్వాధీనం తీసుకున్న ఐదేళ్ళలో చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో గాని, ఎనిమిదికి మించని ఫ్లాట్లతో గాని కట్టినవాటికి రెరా నమోదు తప్పనిసరి కాదు.

ఇంతదాకా రాకుండా రాజీ కుదిరితే అదే మేలు. రాజీ మాత్రం నోటిమాటగా వదలకండి. పని అయ్యాక బీము కింద ఉండాల్సిన ఎత్తు, కొత్త మెట్టు, ర్యాంపు పొడిగింపు, గొట్టాల మార్పు, పాడైన వాటర్ ప్రూఫింగ్‌ను తిరిగి వేయడం, తగ్గించే మొత్తం అన్నీ స్టాంపు పేపరు మీద రాసి, కొలతల నకలు జతచేసి ఇద్దరూ సంతకం చేయాలి. చివరి విడత డబ్బు ఎప్పుడివ్వాలన్నదీ అందులోనే ఉండాలి. నా సలహా, పని వేసవిలో పూర్తయినా ఆ విడతను డిసెంబరు దాటాకే ఇచ్చేలా రాసుకోండి. కొత్త నేల కింద తడి ఊరుతుందో లేదో ఆ వానల్లోనే తెలుస్తుంది.